గోడ పక్క నిచ్చెన

తాడు పట్టుకొని లాగగానే ముందు స్ప్రింగులు మూలుగుతాయి. తర్వాత గ్యారేజీ సీలింగులోని చెక్క తలుపు కిందికి వాలుతుంది. దాని వెనకే అటకలో నెలల తరబడి ఉడికిన వేడిగాలి, దుమ్ము, కంబళ్ళలో దాచిన కలరా ఉండల వాసన, ఎప్పుడో పండగకు వేసిన బుఖూర్ ధూపం పొగ, అన్నీ కట్టగట్టుకొని మొహం మీద పడతాయి. కువైట్‌లో ఇన్నేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను, ఈ వాసనకు నేను తుమ్మని రోజు లేదు. మొన్న ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటి గ్యారేజీలో అలాగే తాడు లాగాను, అలాగే తుమ్మాను. తుమ్మి కళ్ళు తుడుచుకుంటుంటే ఆ ఇంటి కొడుకు ఫహద్ "అలర్జీయా?" అన్నాడు. అవునన్నాను. ఆ మడత నిచ్చెనను అక్కడ బిగించింది మేమే, మస్తాన్ భాయ్, నేను. తలుపు లోపలి వైపు ఆయన పెన్సిల్‌తో గీసిన బాణం గుర్తు ఇంకా చెదరలేదు. గీసిన మనిషి పోయాడు, బాణం మాత్రం "ఇటురా" అని చూపిస్తూనే ఉంది. అలర్జీ అనే మాట ఒకటి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే పరాయి వాళ్ళ గ్యారేజీలో నిలబడి కళ్ళు తుడుచుకోవడానికి ఏం కారణం చెప్పేవాణ్ణి?

మస్తాన్ భాయ్‌ని మీరు చూసి ఉండరు. ఖైతాన్‌లో పాత బిల్డింగుల కింద, ఒక దర్జీ కొట్టుకూ ఏసీలు బాగుచేసే కొట్టుకూ మధ్య ఇరుక్కున్నట్టు ఉండే వడ్రంగి కొట్టు ఆయనది. మనిషి కూడా ఆ కొట్టులాగే సన్నగా, పొడుగ్గా, ఎవరి మధ్యనో ఇరుక్కున్నట్టు ఉండేవాడు. రాయచోటి మనిషి. కళ్ళద్దాలకు నల్లదారం, చెవి మీద పెన్సిల్, చొక్కా జేబులో సుద్దముక్కలు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగా పొడి రాలుస్తూ ఉండేది. ఎవరైనా కౌగిలించుకుంటే వాళ్ళ చొక్కాకు కూడా తెల్ల ముద్ర పడేది. పండగ రోజు ఖైతాన్ వీధుల్లో ఎవరెవరు మస్తాన్ భాయ్‌కి ఈద్ ముబారక్ చెప్పొచ్చారో వాళ్ళ ఎదలు చూస్తే తెలిసిపోయేది.

నేను ఆయన దగ్గరికి చేరేటప్పటికి చిన్నపిల్లవాణ్ణేం కాదు, పెళ్ళయినవాణ్ణి. మాది రాజంపేట దగ్గర పల్లె. చదువు సగంలోనే ఆగిపోయింది. లెక్కల అయ్యవారిని అచ్చంగా ఆయన గొంతుతోనే అనుకరిస్తున్నప్పుడు నా వెనక ఆయనే వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. తర్వాత కువైట్ వచ్చి సాల్మియాలో ఒక హోటల్లో చేరాను. అక్కడ మేనేజరు నడక బాగా పట్టుబడింది. ఒకరోజు వంటవాళ్ళందరి ముందూ ఆ నడక నడుస్తుంటే వాళ్ళు ఉన్నట్టుండి నవ్వడం మానేశారు. అనుకరించే ముందు వెనక్కి తిరిగి చూసుకోవాలన్న పాఠం నాకు బడీ నేర్పలేదు, హోటలూ నేర్పలేదు.

పని పోయాక మా ఊరివాడొకడు నన్ను ఖైతాన్‌కు తీసుకొచ్చి మస్తాన్ భాయ్ ముందు నిలబెట్టాడు. ఆయన ఒక పొడవాటి చెక్కను చిత్రిక పడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"ఏం పని వచ్చురా?"

"నవ్వించడం వచ్చు భాయ్."

"ఇంకా?"

"నవ్వకపోతే మళ్ళీ చెప్పడం వచ్చు."

ఆయన నవ్వలేదు. చెక్క ఒక కొసను నా వైపు తోశాడు. "పట్టుకో. నవ్వించేటోళ్ళు యాడైనా దొరుకుతారు. రెండో కొస పట్టుకునేటోడే దొరకడంలేదు నాకు." అంతే, అదే నా ఇంటర్వ్యూ. తర్వాత తన కఫీల్‌తో, అంటే వీసాకు పూచీ ఉన్న అరబ్బు యజమానితో మాట్లాడి, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, నా ఇఖామా, మార్పించాడు. ఆ రెండో కొసను నేను చాలా ఏళ్ళు పట్టుకున్నాను. పని నేర్చుకుంటూ నోరు ఆపుకోలేకపోయేవాణ్ణి. రంపం కోసేటప్పుడు కూడా మాట్లాడేవాణ్ణి. ఆయన మాత్రం రంపం ఆపి, నా మాట అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, "అయిందా? ఇంక కోద్దామా?" అనేవాడు. తిట్టి ఉంటే మానేవాణ్ణేమో. ఆయన మర్యాదకు సిగ్గుపడి కొంచెం తగ్గించాను.

మడత నిచ్చెనల పని మాకు ఎక్కువగా వచ్చేది. ఇక్కడి పెద్ద ఇళ్ళలో గ్యారేజీ మీద అటక ఉంటుంది. చలికాలం కంబళ్ళు, రంజాన్‌కు దించే పెద్ద పెద్ద గిన్నెలు, తివాచీలు, ఎడారిలో విడిది చేసేటప్పుడు వేసే గుడారాలు, అన్నీ అక్కడే. సీలింగుకు ఒక కంత కోసి, అందులో మడతపెట్టిన నిచ్చెన బిగిస్తే, కావలసినప్పుడు తాడు లాగి దించుకోవచ్చు. బిగించడం కష్టం కాదు. ఎక్కడ బిగించాలన్నదే తలనొప్పి. ఎందుకంటే ఒకసారి కంత కోశాక, "అబ్బే, ఇక్కడ కాదులే" అనడానికి ఉండదు.

ఒకసారి అలాగే అనాల్సొచ్చింది, మస్తాన్ భాయ్‌కే. పనివాళ్ళు వస్తున్నారంటే ఇక్కడ ఇంటి డ్రైవరు చేసే మొదటి మర్యాద, బండిని వీధిలోకి తీసి, సామాను పక్కకు జరిపి, గ్యారేజీ ఊడ్చి పెట్టడం. ఆ ఇంట్లోనూ అట్లే చేశారు. గ్యారేజీ పెళ్ళయిపోయిన మర్నాటి మండపంలా బోసిగా ఉంది. భాయ్ సీలింగు నడిమధ్యన నుదుటి బొట్టులాగా నిచ్చెన పెట్టాడు. చూడముచ్చటగా కుదిరింది. ఇంటాయన మెచ్చుకొని ఖర్జూరాల పెట్టె చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆ డ్రైవరు ఫోను. పోయి చూస్తే గ్యారేజీలో కొండంత బండి నిలబడి ఉంది, తాడు లాగితే నిచ్చెన తిన్నగా దాని నెత్తి మీదికి దిగింది. ఇంటాయన నడుం మీద చేతులు పెట్టుకొని మమ్మల్నే చూస్తున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. "భాయ్, బండి ఎక్కడానికి నిచ్చెన పెట్టిన మొదటి మేస్త్రీవి నువ్వే" అన్నాను.

అప్పుడు నవ్వాడు మస్తాన్ భాయ్. నేను చూడగా అదే మొదటి నవ్వు. సీలింగుకు అతుకు వేస్తూ, సున్నం మొహం మీద రాలుతుంటే, తన తప్పును తానే ఎగాదిగా చూసుకుంటూ అన్నాడు: "ఖాళీ గ్యారేజీని చూసి మోసపోయినా రా శీనా. ఈ ఇంట్లో రోజూ జనం ఎట్లా మెసులుతారో అది చూడల్యా."

అప్పటి నుంచి ఆయన పద్ధతి మారింది. ఏ ఇంటికి పోయినా ముందు బండి లోపలికి తెప్పించేవాడు. సైకిళ్ళు, నీళ్ళ డబ్బాలు, పాత ఫ్రిజ్జు, ఎక్కడివి అక్కడ పెట్టించేవాడు. కష్టపడి ఖాళీ చేసిన డ్రైవర్లు ఈ ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందనుకునేవాళ్ళు. తర్వాత ఒకే ప్రశ్న: "పైకి ఎక్కేది ఎవరు?" ఎవరు ఎక్కుతారో ఆ మనిషిని పిలిపించి, మోసే బరువు చేతికిచ్చి నడిపించి, వాళ్ళు సహజంగా ఎక్కడ ఆగుతారో అక్కడ వాళ్ళ పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు. ఆ గీత నుంచి కొలుచుకుంటూ పైకి పోతే కంత ఎక్కడ రావాలో తేలుతుంది. మిగతా మేస్త్రీలు సీలింగు చూస్తూ మెడలు పట్టించుకునేవాళ్ళు, మా భాయ్ నేల చూస్తూ నడుం పట్టించుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఈ ముబారక్ అల్ కబీర్ ఇంటికి మమ్మల్ని పిలిచారు. చలి మొదలవుతోంది, కంబళ్ళు దించాలి, ఎడారి విడిదికి గుడారాలు దించాలి. అంతవరకూ వాళ్ళు ఒక ఊగే ఇనుప నిచ్చెన గోడకానించి వాడుతున్నారు. మేం పోయేసరికి ఇంటి పెద్దాయన, ఇంటామె, కాలేజీ చదివే కొడుకు ఫహద్, ముగ్గురూ గ్యారేజీలో మూడు చోట్ల నిలబడి మూడు వేళ్ళు సీలింగుకు చూపిస్తున్నారు. పెద్దాయనకు వెనక మూల కావాలి, ఎవరికీ అడ్డం రాదు. ఇంటామెకు వంటింటి తలుపు దగ్గర కావాలి, దూరం తగ్గుతుంది. ఫహద్‌కు నడిమధ్యన కావాలి, ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా నడిమధ్యనే ఉందట. నడిమధ్య అనగానే నేను భాయ్ వైపు చూశాను, భాయ్ నా వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

బండి లోపలికి వచ్చింది. సామాను యథాస్థానానికి చేరింది. "ఎక్కేది ఎవరు?" అన్నాడు భాయ్. ముగ్గురూ ఒక్కసారే వంటింటి తలుపు వైపు తిరిగారు. అక్కడ టీ పళ్ళెం పట్టుకొని గంగులమ్మ నిలబడి ఉంది. రాయచోటి పక్క పల్లెటూరు ఆమెది. ఆ ఇంట్లో వంట, ఊడ్పు, ఉతుకు, అటక, అన్నీ ఆమే. మా తెలుగు విని పొద్దుటి నుంచి ఏదో ఒక సాకుతో తలుపు దగ్గరికి వచ్చిపోతూనే ఉంది. భాయ్ ఆమెను రమ్మని, ఆమె ముందు నేల మీదికి వంగి సుద్దముక్క తీశాడు. అంతే, ఆమె పాము మీద కాలేసినట్టు వెనక్కి గెంతింది.

"అయ్యో సామీ! పెద్దోరు మీరు, నా కాళ్ళకాడ వంగుతారా! నాకు ఆయుస్సు తగ్గిపోదా!"

"నీ కాళ్ళు పట్టుకోడంల్యా తల్లీ, నేలకు గీత గీస్తాండా."

ఆ గెంతులోనే ఆమె ఎడమ మోకాలు మడతపడింది. పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. బండి అద్దం పట్టుకొని నిలదొక్కుకుంది. ఇంటామె, అంటే మా పనివాళ్ళందరి మాటలో మామా, "ఏమైంది గంగులా?" అని అడిగింది. గంగులమ్మ మొహం నిండా నవ్వు పులుముకొని, మాకు టీ అందిస్తూ, చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నట్టుగా తెలుగులో చెప్పింది.

"అన్నా, నా ఎడం మోకాలు అరిగిపొయ్యిండాది. ఎక్కలేనని మామాకు తెలిసిందంటే ఈ తూరి ఇఖామా కొట్టియ్యరు. పక్క వీధి కమలమ్మను అట్లనే ఊరికి పంపించేసినారు. మా పాప నర్సు సదువు అయ్యేదాకా నేను ఈడ నిలబడాల. ఎట్లన్నా చెయ్యి సామీ, ఆ మూల మాత్రం వద్దు. ఆడ పట్టుకునేదానికి ఏమీ ల్యా, పడిపోతా."

నవ్వు చెదరలేదు. చక్కెర మాటకు మాత్రం అది మరీ పొడుగైంది. మామా కనుబొమలు ముడిచింది. "ఏమంటోంది?"

భాయ్ అరబ్బీ నాకంటే మంచిది. అయినా ఆయన నోరు విప్పలేదు, నా వైపు చూశాడు. అన్నేళ్ళలో నన్ను నోరు మూసుకొమ్మని ఆ కళ్ళు చాలాసార్లు చెప్పాయి, నోరు తెరవమని చెప్పడం అదే మొదలు. నాకు వచ్చిన ముక్కల అరబ్బీలో, చేతులు కాళ్ళు అన్నీ వాడి చెప్పాను. "మామా, మా దేశంలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకుంటే చిన్నవాళ్ళ ఆయుష్షు తగ్గుతుంది. ఈ ముసలాయన వంగాడు కదా, తగ్గిన ఏళ్ళు ఇప్పుడే తిరిగి ఇమ్మని అడుగుతోంది. లేకపోతే టీ ఇవ్వనంటోంది."

మామా పకపకా నవ్వింది. పెద్దాయనకు మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వింది. మస్తాన్ భాయ్ గంభీరంగా గంగులమ్మ తల మీద చెయ్యి పెట్టి, "తీసుకో తల్లీ, నావి కూడా తీసుకో, నూరేండ్లు బతుకు" అని దీవించాడు. గంగులమ్మ నవ్వుతూనే ఉంది, ఈసారి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు కూడా నవ్వు ఖాతాలోకే పోయాయి.

తర్వాత సుద్దముక్క నా చేతికి వచ్చింది. నేను ఆమెకంటే చిన్నవాణ్ణి, నాతో ఆయుష్షు సమస్య లేదు. ఆమె ఒక కంబళి మూటను ఎడమ చంకన పెట్టుకొని వంటింటి తలుపు నుంచి నడిచి వచ్చింది. భాయ్ ఆమె మొహం వైపు గానీ మోకాలి వైపు గానీ చూడలేదు, ఖాళీగా ఉన్న కుడిచెయ్యినే చూస్తున్నాడు. ఆ చెయ్యి తనకు తెలియకుండానే బండికీ గోడకూ మధ్య సందులో కుడివైపు గోడను వెతుక్కుంది. అక్కడ ఆగింది. "గీసెయ్ రా" అన్నాడు భాయ్. నేను గీస్తుంటే, "తమ్ముడూ, చక్కిలిగిలి పెట్టాకు" అని పైనుంచి గంగులమ్మ.

ముగ్గురిలో ఎవరూ చూపించని చోటు అది. భాయ్ పెద్దాయనకు తీరిగ్గా చెప్పాడు. మూలన పెడితే ఫ్రిజ్జు అడ్డం. తలుపు దగ్గర పెడితే వచ్చే పోయే చుట్టాలకు తల తగులుతుంది. నడిమధ్యన పెడితే బండి నెత్తికి తగులుతుంది, ఆ సంగతి మా కంటే బాగా ఎవరికీ తెలియదు. గోడ పక్కన పెడితే బండి లోపల ఉండగానే నిచ్చెన దిగుతుంది. ఇందులో ఒక్క అబద్ధం లేదు. అన్నీ నిజాలే చెప్పాడు, ఒక్క నిజాన్ని మాత్రం జేబులో సుద్దముక్కల పక్కన పెట్టుకున్నాడు. చివర్లో ఇంకో మాట కలిపాడు. "బండి తలుపు తగిలి గోడ చెడిపోకుండా ఒక కర్ర కూడా బిగిస్తాను." పెద్దాయనకు ఆ ముందుచూపు ఎంతో నచ్చింది.

ఆ కర్రను భాయ్ కొట్లో తానే చేశాడు. టేకు కర్ర, ఆడమనిషి పిడికిట్లో ఇమిడేంత లావు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, నన్ను కళ్ళు మూసుకొని కొస నుంచి కొసకు చెయ్యి జరపమన్నాడు. "యాడన్నా గీరుకుంటే చెప్పు." నేనూరుకోలేదు. "భాయ్, బండి తలుపుకు ఇంత నునుపెందుకు?" అన్నాను. "బండికి మాత్రం తోలు ఉండదారా?" అని మళ్ళీ రుద్దాడు.

నిచ్చెన బిగించిన రోజు కర్రను దాని పక్కనే గోడకు, నిచ్చెన వాలుకు సరిగ్గా సమాంతరంగా, కింది నుంచి పైదాకా ఏటవాలుగా బిగించాడు. గంగులమ్మ మూట పట్టుకొని ఎక్కింది. కుడిచెయ్యి కర్ర మీద, మంచి కాలు ముందు, తర్వాత రెండోది. అటకలో మూట పడేసి దిగింది. కింద మామా నిలబడి చూస్తోంది. "ఖలాస్ మామా, మెట్లు బలే ఉండాయి" అని సగం అరబ్బీలో సగం తెలుగులో చెప్పి వంటింట్లోకి పోయింది గంగులమ్మ. మామా కాసేపు ఆ కర్రను చూసింది. ఏదో అడగబోయింది. అడగలేదు. లోపలికి పోయి మాకు బిర్యానీ కట్టించి పంపింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో భాయ్ ఖైతాన్ మలుపు దగ్గర అన్నాడు: "నీ నోరు మంచి పనిముట్టు రా శీనా. ఇన్నాళ్ళూ ఊరికే తిప్పుకుంటా తిరిగినావు గానీ, ఈ పొద్దు పనికి పెట్టినావు." పొగడ్తలు నాకు కొత్త. ఏదైనా హాస్యమాడి తప్పించుకుందామని చూశాను. బిర్యానీ పొట్లం ఒళ్ళో వెచ్చగా ఉంది, అదే పట్టుకొని కూర్చున్నాను. నా మాటలకు జనం నవ్వడం చిన్నప్పటి నుంచి చూశాను. ఒక మనిషి ఆ నవ్వు చాటున నిలబడి తన బతుకు కాపాడుకోవడం ఆ రోజే చూశాను. ఆ తర్వాత కూడా నేను మనుషుల్ని ఏడిపించడం మానలేదు, అది పుట్టుకతో వచ్చింది. అయితే నోరు తెరిచే ముందు, వెనక ఎవరున్నారని కాకపోయినా, ముందు ఎవరున్నారని చూడడం మాత్రం అలవాటయింది.

గంగులమ్మ ఆ ఇంట్లోనే ఉంది. కూతురు నర్సు అయ్యాక, తనంతట తానే చెప్పి ఊరికి పోయింది. పోయే ముందు మా కొట్టుకు వచ్చి మస్తాన్ భాయ్ ముందు స్వీట్ల డబ్బా పెట్టి, ఆయన కాళ్ళకు దండం పెట్టబోయింది. ఆయన గభాలున వెనక్కి గెంతాడు. "వద్దు తల్లీ, పాత బాకీలన్నీ అప్పుడే తీరిపోయినాయి" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

భాయ్ కళ్ళు మెల్లగా మసకబారాయి. గీతను చూడడం మానేసి వేలితో తడుముకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉలి జారి బొటనవేలు తెగింది. ఆ వారమే ఇంటికి పోతున్నానన్నాడు. కొట్టు నాకు అప్పగించి, పనిముట్లన్నిటినీ ఒకసారి చేత్తో నిమిరి, గుమ్మం దగ్గర ఆగి, "బండి లోపలికి తెప్పించడం మర్చిపోవాకు" అన్నాడు. తర్వాత శుక్రవారాల్లో ఫోను చేసేవాడు. ఒకసారి వీడియోలో రాయచోటి ఇంటిని చూపించాడు. మిద్దె మీదికి కొత్తగా చెక్క నిచ్చెన చేయించాడట.

"ఎక్కేది ఎవరు భాయ్?" అన్నాను.

"నేను యాడెక్కుతా రా, మనవరాలు. చూడు, ఎంతెంత ఉండాయో." ఫోను నేలవైపు తిప్పాడు. సుద్ద గీతల మధ్య రెండు చిన్న పాదాల ఆకారం, అరచేతిలో పట్టేంత.

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. ఒక చేత్తో సుత్తి, పెదాల మధ్య మేకులు. అవతల ఆయన కొడుకు చెబుతుంటే, నా నోట్లో మేకులు అట్లాగే ఉండిపోయాయి. మంచి పనిముట్టు అన్నాడు కదా. ఆ రోజు దాంతో చెయ్యగలిగిన పని ఏదీ కనపడలేదు.

ఇక మొన్నటి సంగతి. ఫహద్ ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఏదో ఆఫీసులో అధికారి. నాన్న పోయాక ఇల్లు అతనే చూసుకుంటున్నాడు. పాత చెక్క నిచ్చెన తీసేసి కొత్త అల్యూమినియం నిచ్చెన పెట్టాలి, అదీ నడిమధ్యన. ఇన్నేళ్ళయినా ఆ నడిమధ్య అతన్ని వదల్లేదు. గ్యారేజీ ఖాళీగా, శుభ్రంగా ఊడ్చి ఉంది. నేను తుమ్మడం అయ్యాక, "బండి లోపలికి తెప్పించు" అన్నాను. తెప్పించాడు. "ఎక్కేది ఎవరు?" అన్నాను.

"కొత్త పనమ్మాయి. చిన్నది, ఎక్కడ పెట్టినా ఎక్కుతుంది."

"నేను కూడా ఎక్కుతాను" అని వంటింటి తలుపు నుంచి వినిపించింది. మామా. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మారలేదు.

"నువ్వెందుకు ఎక్కుతావు యుమ్మా? ఏం కావాలో చెప్పు, ఆ అమ్మాయి దించుతుంది. లేకపోతే ఆ పాత సామానంతా తీసి పారేద్దాం."

"అది మీ నాన్న గుడారం. ఆయన కాఫీ కూజాలు. పారేసే సామాను అందులో లేదు." ఆమె గొంతు పెంచలేదు. "అప్పుడప్పుడు పైకి పోయి కూర్చుంటాను. అంతే."

"ఈ కాళ్ళతోనా?"

"నా కాళ్ళకేం?" అని మామా గ్యారేజీలోకి నడిచి వచ్చింది. కాళ్ళకు ఏమైందో ఆ నడకే చెప్పింది. ఫహద్ చూడకముందే బండి పక్క సందులోకి వచ్చి, గోడ మీది టేకు కర్ర పట్టుకొని నిలబడింది. గంగులమ్మ చేతులు పట్టి పట్టి నల్లగా మెరిసిపోతోంది ఆ కర్ర. కొడుకు ఒక్కసారి వద్దన్నాడంటే చాలు, ఆమె ఇంక ఆ అటక ఎక్కదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. చక్కెర సరిపోయిందా అని అడిగినట్టుగా ఉంది.

నేను సుద్దముక్క తీసి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె అబాయా అంచు కొంచెం పైకి పట్టుకొని, చెప్పుల కొలతకు నిలబడ్డ పాపలాగా కదలకుండా నిలబడింది. గీత గీసి లేచి ఫహద్‌కు తీరిగ్గా చెప్పాను. "నడిమధ్యన పెడితే కొత్త బండి నెత్తికి గీత పడుతుంది, ఆ రంగు మళ్ళీ దొరకదు. మూలన ఫ్రిజ్జు. తలుపు దగ్గర పెడితే నీ పెళ్ళికి వచ్చే చుట్టాలందరికీ బొప్పి కడుతుంది. అందరూ ఒకే చోట బొప్పితో ఫోటోల్లో నిలబడతారు, ఏ వంశమో అనుకుంటారు. గోడ పక్కనే మేలు." ఫహద్ నవ్వాడు. ఫోను మోగింది. "సరే, యల్లా, నీ ఇష్టం" అని మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు.

మామా కర్రను కింది నుంచి పైదాకా చూపుతో కొలిచింది. "అప్పుడు మీ ముసలాయన ఇది దేనికన్నాడు?"

"బండి తలుపు తగలకుండా, మామా."

"ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఏ బండి తలుపూ అంత పైకి తెరుచుకోదు." కర్ర మీద చెయ్యి జరిపింది. "గంగుల ఏ కాలు ముందు వేసేదో కూడా చూశాను. ఆమెంతట ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు."

జీవితంలో మొదటిసారి, మాట్లాడే ముందు వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఫహద్ లేడు.

"మీ బండి కొంచెం పొడుగు మామా" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వుకు మనిషి ఊగితే కర్ర గట్టిగా పట్టుకుంది. అది కదల్లేదు. "నిచ్చెన మార్చు. దీన్ని మాత్రం ముట్టుకోకు" అని లోపలికి పోయింది.

నిచ్చెన మార్చాను. పాత తలుపులో బాణం ఉన్న ముక్కను కోసి, కొత్త తలుపు లోపలి వైపు బిగించాను. ఫహద్ అడిగితే గాలి శబ్దం రాకుండా అని చెప్పాను. సాయంత్రం ఖైతాన్ చేరి చొక్కా దులిపితే జేబులోంచి సుద్ద పొడి రాలింది. ఎన్నిసార్లు ఉతికినా నా చొక్కాల జేబుల్లో ఆ తెలుపు పోదు, మా ఇంటావిడ వీడియోలో చూసి వెక్కిరిస్తూ ఉంటుంది. ఈసారి పండగకు దర్జీ కొట్టు కుర్రాళ్ళు వచ్చి నన్ను కౌగిలించుకొని వెళ్ళారు. వీధిలో వాళ్ళు నడిచిపోతుంటే ఒక్కొక్కరి ఎద మీద తెల్ల ముద్ర. ఎవరి కొట్టు నుంచి వస్తున్నారో ఖైతాన్‌లో ఇప్పటికీ ఎవరూ అడగనక్కర్లేదు.